నాయకత్వం పోయినా నిలిచిన సభ్యత్వం
అమెరికా సెనేట్‌లో, అంటే రాష్ట్రానికి ఇద్దరేసి సభ్యులుండే ఎగువ సభలో, రిపబ్లికన్ పక్ష నాయకుడైన ట్రెంట్ లాట్, 2002 డిసెంబర్ 5న స్ట్రామ్ థర్మండ్ నూరవ పుట్టినరోజు వేడుకలో, 1948లో థర్మండే అధ్యక్షుడై ఉంటే దేశానికి ఇన్ని చిక్కులు వచ్చేవి కావన్న అర్థంలో మాట్లాడాడు. ఆ ఎన్నికలో థర్మండ్ నిలబడిందే సెగ్రిగేషన్‌ను, అంటే నల్లజాతివారిని బడుల్లో, బస్సుల్లో వేరుగా ఉంచే చట్టబద్ధ వివక్షను, కాపాడటానికి. నాలుగు దక్షిణాది రాష్ట్రాలు ఆయనకే పట్టం కట్టాయి కూడా. లాట్ పలుమార్లు క్షమాపణ చెప్పినా, సొంత పార్టీకే చెందిన అధ్యక్షుడు బుష్ బహిరంగంగా తప్పుపట్టాక, డిసెంబర్ 20న నాయకత్వం వదులుకున్నాడు. సభ్యత్వం మాత్రం వదలలేదు. ఈ తేడా సమంజసమే, ఎందుకంటే సీటు ఇచ్చింది మిసిసిపీ ఓటర్లు, నాయకత్వం ఇచ్చింది సహసభ్యులు. ఆ సహసభ్యుల ఆగ్రహం ఎంత లోతైనదో అనుమానమే: 2006లో వారు ఒక్క ఓటు తేడాతో ఆయననే విప్‌గా, అంటే ఓటింగ్ వేళ పార్టీ సభ్యులను కూడగట్టే బాధ్యుడిగా, ఎన్నుకున్నారు.