మన్యం రోడ్డు: నాటి వెట్టి, నేటి హక్కు

మన్యంలో రోడ్ల చరిత్ర మన పూర్వీకుల వెట్టితో ముడిపడి ఉంది. 1882 మద్రాసు అటవీ చట్టంతో పోడుపై ఆంక్షలు వచ్చాయి. ఆపైన గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం–చింతపల్లి ఘాట్ రోడ్డు పనికి మనవాళ్లను బలవంతంగా తోలాడు. కూలి సరిగా ఇవ్వలేదు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడి చేసింది. గాం గంటందొర, మల్లుదొర వంటి మనవాళ్లు ఆయన వెంట నడవడానికి ఆ రోడ్డు బాధ కూడా ఒక కారణం.

స్వాతంత్ర్యం తర్వాత ఇబ్బంది వేరే రూపంలో వచ్చింది. పెద్ద రోడ్డు రోడ్లు భవనాల శాఖది, ఊరి రోడ్డు పంచాయతీరాజ్‌ది, గిరిజన నిధులు ఐటీడీఏవి, అడవి నేల అటవీశాఖది. 1980 అటవీ సంరక్షణ చట్టంతో ఆ నేలలో రోడ్డుకు కేంద్రం అనుమతి కావలసి వచ్చింది. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన గిరిజన ప్రాంతాల్లో 250 జనాభాను కొలతగా పెట్టుకుంది. పదిహేను ఇళ్ల గూడేలు ఆ కొలతకు అందలేదు. నిండు గర్భిణులను ఇంకా డోలీలో మోస్తూనే ఉన్నాం.

2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) ఒక వెసులుబాటు ఇచ్చింది. ఒక్కో పనికి హెక్టారు లోపు భూమి, హెక్టారుకు 75 చెట్లు మించకపోతే, గ్రామసభ సిఫారసు మీద డివిజనల్ అటవీ అధికారి స్థాయిలోనే అనుమతి దొరుకుతుంది. కాబట్టి మొదటి కాగితం మన ఊరి నుంచే కదలాలి. చదువుకున్న పిల్లలు గ్రామసభలో కూర్చుని తీర్మానం రాయాలి. నకలు ప్రతి శాఖకూ ఇచ్చి రసీదు తెచ్చుకోవాలి. ఆ పని నేర్పడం ఉపాధ్యాయులుగా మన వంతు.