గ్రే వాటర్ శుద్ధి, సేద్యంలో వాడకం

స్నానాలకు, బట్టలు ఉతకడానికి, గిన్నెలు తోమడానికి వాడగా వచ్చే నీరు గ్రే వాటర్. మరుగుదొడ్డి నీరు ఇందులో చేరదు. వంటింటి నీటిలో జిడ్డు, మెతుకులు ఎక్కువ కాబట్టి కొన్ని దేశాల్లో దాన్నీ మినహాయిస్తారు. గిన్నెలు తోమే చోట అరటి, చేమ నాటడం మన పెరళ్లలో పాత అలవాటే.

శుద్ధి కోసం నీటిని మొదట జిడ్డు, మడ్డి ఆపే తొట్టిలోకి, ఆపై కంకర, ఇసుక పొరల్లోకి వదులుతారు. స్థలముంటే మెట్టతామర, రెల్లు జాతి మొక్కలు పెంచిన కంకర మడి మేలు: వేళ్ల చుట్టూ పెరిగే సూక్ష్మజీవులు సేంద్రియ మలినాలను తినేస్తాయి. శుద్ధి చేయని నీటిని 24 గంటలకు మించి నిల్వ ఉంచితే కుళ్లి కంపు కొడుతుంది.

అసలు చిక్కు సబ్బుపొడిలోని సోడియంతో. అది పేరుకుంటే నల్లరేగడి వంటి బంకనేలలు బిగిసిపోయి నీరు ఇంకదు. కొన్ని సబ్బుపొడుల్లో ఉండే బోరాన్ మోతాదు మించితే ఆకుల అంచులు మాడతాయి. అప్పుడప్పుడు మంచినీరు పెట్టడం, వాన పడటం వల్ల లవణాలు కొంత కిందికి దిగుతాయి.

పండ్ల చెట్లకు, పశుగ్రాసానికి ఈ నీరు అనువు. పచ్చిగా తినే కొత్తిమీర, ముల్లంగి, క్యారెట్లకు పెట్టరాదు. చల్లడం కన్నా మొక్కల మొదళ్ల దగ్గర పారించడమే క్షేమం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో సేద్యంలో గ్రే వాటర్ వాడకంపై మార్గదర్శకాలు వెలువరించింది.