కోవిడ్-19 కాలంలో ప్రాథమిక పాఠశాలల పునఃప్రారంభము

కోవిడ్-19 మహమ్మారి కారణంగా 2020లో మూతపడిన ప్రాథమిక పాఠశాలలు (1 నుండి 5వ తరగతి వరకు) ప్రత్యక్ష బోధనకు తిరిగి తెరుచుకున్న తీరు అన్నిచోట్ల ఒకే విధముగా లేదు. కొన్ని దేశాలు చిన్న తరగతుల పిల్లలను ముందుగా పిలిచినవి. భారతదేశంలో మాత్రం ఎక్కువ రాష్ట్రాలు పెద్ద తరగతులతో మొదలుపెట్టి చిన్న తరగతులను చివరికి ఉంచినవి. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల తేదీల మధ్య కూడా పెద్ద తేడా ఉన్నది. పిల్లలను బడికి పంపవలెనా, వద్దా అనే నిర్ణయం పలుచోట్ల తల్లిదండ్రులకే వదలబడినందున, పక్క బడిలో, పక్క రాష్ట్రంలో ఏమి జరుగుతున్నదో పోల్చి చూచుట వారికి అవసరమైనది.

నేపథ్యము

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న కోవిడ్-19ను మహమ్మారిగా ప్రకటించినది. యునెస్కో లెక్కల ప్రకారం, పాఠశాలల మూసివేత తీవ్రస్థాయికి చేరినపుడు 190కి పైగా దేశాలలో సుమారు 160 కోట్ల మంది విద్యార్థుల చదువుకు ఆటంకం కలిగినది. భారతదేశంలో రాష్ట్రాలు 2020 మార్చి మూడవ వారం నాటికి బడులను మూసివేసినవి. మార్చి 25 నుండి దేశమంతటా లాక్‌డౌన్ అమలులోకి వచ్చినది.

బడి లేని కాలంలో పాఠాలు టెలివిజన్, ఫోను ద్వారా సాగినవి. ఆంధ్ర ప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరి, తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ఛానళ్ళు పాఠాలను ప్రసారం చేసినవి. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1న మొదలైన డిజిటల్ పాఠాలు 3వ తరగతి నుండి పైవారికి ఉద్దేశించినవి. అప్పుడే అక్షరాలు నేర్చుకోవలసిన 1, 2 తరగతుల పిల్లలు వాటి పరిధిలో లేరు. మధ్యాహ్న భోజనానికి బదులుగా బియ్యం తదితర సరుకులు ఇళ్ళకు అందించబడినవి.

పోలికకు ఆధారమైన అంశాలు

రెండు పాఠశాలల లేదా రెండు ప్రాంతాల పునఃప్రారంభాన్ని పోల్చునపుడు తేదీ ఒక్కటే చాలదు. ఈ క్రింది అంశాలు కూడా చూడవలసి ఉన్నది.

* తరగతుల క్రమము: ముందుగా ఎవరిని పిలిచారు? చిన్నవారినా, పెద్దవారినా?
* గదిలో చోటు: ఒక్కొక్క గదిలో ఎంతమంది? బల్లల మధ్య దూరం ఎంత?
* బడి రోజులు: ప్రతిదినమా, దినము విడిచి దినమా?
* సమ్మతి: తల్లిదండ్రుల అంగీకారం అవసరమా? పంపనివారి పిల్లలకు ఇంటివద్ద పాఠాలు కొనసాగుతాయా?
* తిరిగి మూసివేత: ఎటువంటి పరిస్థితిలో బడిని మరల మూసివేస్తారు? ఆ నియమం ముందే తెలియజేశారా?

వీటిలో దూరము అనే అంశం మిగిలినవాటిని నిర్ణయిస్తుంది. పిల్లల మధ్య 6 అడుగుల దూరం ఉండవలెనన్న నియమం ఉన్నచోట సాధారణ తరగతి గదిలో అందరికీ చోటు చాలదు. కనుక పిల్లలను రెండు జట్లుగా విభజించి వంతులవారీగా పిలువవలసి వచ్చినది. అమెరికాలోని వ్యాధి నియంత్రణ, నివారణ కేంద్రాలు (సి.డి.సి.) 2021 మార్చి 19న, మాస్కులు ధరించే ప్రాథమిక పాఠశాలల గదులలో ఈ దూరాన్ని 3 అడుగులకు తగ్గించినవి. దానితో అక్కడి అనేక బడులలో పిల్లలందరినీ ఒకేసారి కూర్చోబెట్టుటకు వీలు కలిగినది.

ఇతర దేశాలలో

డెన్మార్క్

ఐరోపాలో మూసివేసిన బడులను అందరికంటే ముందు తెరిచిన దేశం డెన్మార్క్. 2020 ఏప్రిల్ 15 నుండి శిశు సంరక్షణ కేంద్రాలను, 5వ తరగతి వరకు బడులను తెరుచుటకు అనుమతించినది. పై తరగతులవారు మే 18న వచ్చారు. పిల్లలను చిన్న చిన్న జట్లుగా చేసి, ఒక జట్టు మరొక జట్టుతో కలియకుండా చూశారు. తరచుగా చేతులు కడిగించారు. వీలైనంతవరకు పాఠాలు ఆరుబయట చెప్పారు. చిన్నపిల్లల తల్లిదండ్రులు ఉద్యోగాలకు తిరిగి వెళ్ళుటకు కూడా ఇది తోడ్పడినది. అయితే అందరూ దీనిని స్వాగతించలేదు. తమ పిల్లలు ప్రయోగ జంతువులు కారాదని పేర్కొంటూ ఏర్పడిన తల్లిదండ్రుల బృందంలో వేలాదిమంది చేరారు.

స్వీడన్

స్వీడన్‌లో ప్రాథమిక పాఠశాలలు 2020 వసంతకాలంలో మూతపడలేదు. ఉన్నత మాధ్యమిక విద్యార్థులకు మాత్రమే మార్చి 18 నుండి దూరవిద్య ఏర్పాటు చేశారు.

అమెరికా సంయుక్త రాష్ట్రాలు

ఇక్కడ నిర్ణయాధికారం రాష్ట్రాల, సుమారు 13 వేల స్థానిక విద్యా మండలాల చేతిలో ఉండుటచే తేడాలు ఎక్కువ. ఫ్లోరిడా రాష్ట్ర విద్యాధికారి 2020 జూలై 6న జారీచేసిన ఉత్తర్వు, ఆగస్టులో బడులు వారానికి కనీసం 5 రోజులు తెరిచి ఉండవలెనని ఆదేశించినది. చికాగోలో, ఉపాధ్యాయ సంఘంతో సాగిన వివాదం తరువాత, 5వ తరగతి వరకు పిల్లలు 2021 మార్చి 1న గాని బడికి రాలేదు.

న్యూయార్క్ నగరంలో ప్రాథమిక పాఠశాలలు 2020 సెప్టెంబరు 29న వంతుల పద్ధతిలో తెరుచుకున్నవి. ఇష్టంలేని కుటుంబాలు పూర్తిగా ఆన్‌లైన్ పాఠాలను ఎంచుకొనవచ్చును. నగరంలో జరిపే పరీక్షలలో పాజిటివ్ వచ్చినవారి 7 రోజుల సగటు 3 శాతానికి చేరితే బడులు మూసివేయవలెననే నియమం ముందే ప్రకటించబడినది. దాని ప్రకారం నవంబరు 19న బడులు మూతపడినవి. అదే రోజున ఉపాహారశాలలలో లోపల కూర్చుని తినుటకు అనుమతి కొనసాగుటను పలువురు తల్లిదండ్రులు విమర్శించారు. డిసెంబరు 7న ప్రాథమిక పాఠశాలలు మాత్రమే తిరిగి తెరిచారు. ఈసారి పిల్లలకు వారంవారం కొద్దిమంది చొప్పున పరీక్షలు జరిపారు. ఇందుకు తల్లిదండ్రుల అంగీకారపత్రం తప్పనిసరి చేశారు.

భారతదేశంలో

కేంద్ర ప్రభుత్వం 2020 అక్టోబరు 15 తరువాత బడులను దశలవారీగా తెరిచే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చినది. తల్లిదండ్రుల వ్రాతపూర్వక సమ్మతి ఉన్నవారే బడికి రావలెనని, హాజరు కొరకు బలవంతం చేయరాదని సూచించినది. రాష్ట్రాలు ముందుగా 9 నుండి 12 వరకు తరగతులను పిలిచినవి. పబ్లిక్ పరీక్షలు దగ్గరపడుట, పెద్దపిల్లలు మాస్కు, దూరము వంటి నియమాలను పాటించగలుగుట ఇందుకు కారణాలు.

2021 జూలై 20న భారత వైద్య పరిశోధన మండలి (ఐ.సి.ఎం.ఆర్.) నాల్గవ సీరో సర్వే ఫలితాలను వెల్లడించినది. 6 నుండి 9 ఏళ్ళ పిల్లలలో 57.2 శాతం మందికి, 10 నుండి 17 ఏళ్ళవారిలో 61.6 శాతం మందికి ప్రతిరక్షకాలు ఉన్నట్లు తేలినది. బడులు తెరువదలచినపుడు ప్రాథమిక పాఠశాలలతో మొదలుపెట్టుట మంచిదని మండలి డైరెక్టర్ జనరల్ బలరామ్ భార్గవ అభిప్రాయపడినారు. పాఠశాల సిబ్బంది అందరికీ ముందుగా టీకా వేయవలెనని కూడా ఆయన అన్నారు. అయినను పలు రాష్ట్రాలలో పాత క్రమమే కొనసాగినది. కర్ణాటకలో 1 నుండి 5 తరగతులు 2021 అక్టోబరు 25న, తమిళనాడు, కేరళ, ఢిల్లీలలో చిన్న తరగతులు నవంబరు 1న మొదలైనవి.

ఆంధ్ర ప్రదేశ్

ఆంధ్ర ప్రదేశ్‌లో 2020 నవంబరు 2న 9, 10 తరగతులు ప్రారంభమైనవి. మొదటి మూడు రోజులలో 262 మంది విద్యార్థులకు, సుమారు 160 మంది ఉపాధ్యాయులకు కోవిడ్ సోకినట్లు తేలుట తల్లిదండ్రులలో ఆందోళన కలిగించినది. బడికి వచ్చిన విద్యార్థులు సుమారు 4 లక్షల మంది కనుక ఈ సంఖ్య స్వల్పమేనని అధికారులు వివరించారు. తరువాత క్రమంగా కింది తరగతులను పిలుస్తూ, 2021 ఫిబ్రవరి 1న 1 నుండి 5 తరగతులను ప్రారంభించారు. గదికి 20 మంది చొప్పున కూర్చోబెట్టారు. తల్లిదండ్రుల సమ్మతి పత్రాలు తీసుకున్నారు. రెండవ విడత వ్యాప్తి కారణంగా ఏప్రిల్ 20 నుండి ఈ తరగతులు మరల మూతపడినవి. ఆగస్టు 16న తిరిగి తెరుచుకున్నవి.

తెలంగాణ

తెలంగాణలో 2021 ఫిబ్రవరి 1న 9, 10 తరగతులు, ఫిబ్రవరి 24 నుండి 6, 7, 8 తరగతులు ప్రారంభమైనవి. గురుకులాలలో, వసతి గృహాలలో కేసులు బయటపడగా మార్చి 24 నుండి అన్నింటినీ మూసివేశారు. ఆ విద్యా సంవత్సరంలో 1 నుండి 5 తరగతులు తెరువనేలేదు.

2021 సెప్టెంబరు 1 నుండి అన్ని తరగతులను ప్రత్యక్షంగా నిర్వహించవలెనని ప్రభుత్వం నిర్ణయించినది. ఆగస్టు 31న రాష్ట్ర ఉన్నత న్యాయస్థానం, ప్రత్యక్ష తరగతులకు రమ్మని ఏ విద్యార్థినీ బలవంతపెట్టరాదని, గురుకులాలను అప్పటికి తెరువరాదని మధ్యంతర ఉత్తర్వులు ఇచ్చినది. మిగిలిన బడులు సెప్టెంబరు 1న తెరుచుకున్నవి.

రెండు రాష్ట్రాల పోలిక

2021 ఫిబ్రవరి 1వ తేదీ ఈ తేడాను స్పష్టంగా చూపుతుంది. ఆ రోజున ఆంధ్ర ప్రదేశ్‌లో ఒకటవ తరగతి పిల్లలు బడికి వచ్చారు. తెలంగాణలో వచ్చినది తొమ్మిది, పది తరగతులవారు. 2020-21లో ఒకటవ తరగతిలో చేరిన పిల్లలకు ఆంధ్ర ప్రదేశ్‌లో సుమారు 11 వారాలు బడి లభించగా, తెలంగాణలో ఒక్క రోజు కూడా లభించలేదు. తెలంగాణలో ప్రాథమిక తరగతుల మూసివేత ఏకబిగిన పదిహేడు నెలలకు పైగా సాగినది.

2022 జనవరిలో ఒమిక్రాన్ వ్యాప్తి సమయంలో మరల ఇదే తేడా కనిపించినది. సంక్రాంతి సెలవుల తరువాత ఆంధ్ర ప్రదేశ్ జనవరి 17న బడులు తెరిచినది. తెలంగాణ సెలవులను జనవరి 30 వరకు పొడిగించి ఫిబ్రవరి 1న తెరిచినది. అమెరికాలో 5 నుండి 11 ఏళ్ళవారికి 2021 నవంబరులోనే టీకా మొదలైనది. భారతదేశంలో 15 ఏళ్ళు నిండినవారికి 2022 జనవరి 3న, 12 నుండి 14 ఏళ్ళవారికి మార్చి 16న మొదలైనది. కనుక రెండు రాష్ట్రాలలోను ప్రాథమిక తరగతుల పిల్లలు టీకా లేకుండానే బడికి వచ్చారు. ఉపాధ్యాయులకు 2021 సెప్టెంబరు 5 లోగా టీకాలు పూర్తిచేయుటకు కేంద్రం రాష్ట్రాలకు అదనపు డోసులు కేటాయించినది.

విద్యపై ప్రభావము

గ్రామీణ విద్యాస్థితి వార్షిక నివేదిక (అసర్) ప్రకారం, దేశంలో 2వ తరగతి పాఠాన్ని చదువగలిగిన 3వ తరగతి పిల్లలు 2018లో 27.3 శాతం ఉండగా, 2022లో 20.5 శాతానికి తగ్గారు. ఐదవ తరగతిలో ఈ సంఖ్య 50.5 నుండి 42.8 శాతానికి పడిపోయినది. ఆంధ్ర ప్రదేశ్‌లో ఐదవ తరగతి తగ్గుదల మరింత ఎక్కువ: 59.7 నుండి 36.3 శాతానికి. ఈ పిల్లలు బడులు మూతపడిన 2020 మార్చిలో 2వ తరగతిలో ఉన్నారు. కొన్ని పొరుగు రాష్ట్రాలకంటే ముందు తెరిచిన ఆంధ్ర ప్రదేశ్‌లో కూడా ఇంత తగ్గుదల ఉన్నందున, తెరిచిన తేదీని బట్టి మాత్రమే ఒక రాష్ట్రం మేలు, మరొకటి కీడు అని తీర్మానించుట సరికాదు. 11 వారాల బడి రెండేళ్ళ లోటును పూడ్చజాలదు. బడి లేనపుడు ఇంటివద్ద అందిన చదువు, తెరిచిన తరువాత వెనుకబడినవారికి ఇచ్చిన ప్రత్యేక శ్రద్ధ కూడా లెక్కకు వస్తాయి.

అమెరికా జాతీయ పరీక్షలలో 2019, 2022 మధ్య 4వ తరగతి విద్యార్థుల సగటు మార్కులు గణితంలో 5, చదువుటలో 3 పాయింట్లు తగ్గినవి.

తల్లిదండ్రుల ఎంపిక బడి మార్పులో కూడా కనిపించినది. అసర్ ప్రకారం గ్రామీణ భారతంలో 6 నుండి 14 ఏళ్ళ పిల్లలలో ప్రభుత్వ బడులలో చేరినవారు 2018లో 65.6 శాతం కాగా, 2022లో 72.9 శాతానికి పెరిగారు. కుటుంబాల ఆదాయం తగ్గుట, చిన్న ప్రైవేటు బడులు మూతపడుట ఇందుకు దోహదం చేసిన కారణాలుగా చెప్పబడుచున్నవి.

ఇవి కూడా చూడండి

* కోవిడ్-19 మహమ్మారి
* మధ్యాహ్న భోజన పథకము
* విద్యా హక్కు చట్టము
* దూరవిద్య