రేవు దింపిన రుచులు

నెదర్లాండ్స్ వెళ్లిన మనవాళ్లలో చాలామంది ఆమ్‌స్టర్‌డామ్ కాలవలు చూసుకుని తిరిగొచ్చేస్తారు. రోటర్‌డామ్ గంట ప్రయాణమైనా అటు వెళ్లరు. అక్కడ పాత మేడలు పెద్దగా లేవన్న మాట నిజమే. కానీ ఓడలు ఒక ఊరి వీధుల్ని, వంటల్ని ఎలా తయారుచేస్తాయో చూడాలంటే యూరప్‌లో ఇంతకు మించిన చోటు లేదని నా నమ్మకం.

13వ శతాబ్దిలో రోట్టె అనే చిన్న ఏటికి కట్టిన ఆనకట్ట పక్కన వెలిసిన జాలరి పల్లె ఇది. ఊరి పేరులోనే ఏరూ, కట్టా రెండూ ఉన్నాయి. 1340లో పట్టణ హక్కులు దక్కాయి. అసలు దశ తిరిగింది మాత్రం 1872లో. సముద్రానికి నేరుగా తవ్విన కొత్త జలమార్గం ఆ ఏడు తెరుచుకుంది. పెద్ద ఓడలు, వాటి వెంట పల్లెల కూలీలు తరలివచ్చారు. ఊరి గుండా పారే పెద్ద నదికి దక్షిణపు గట్టున కార్మికవాడలు వెలిశాయి.

వాటిలో కాటెన్‌డ్రెక్ట్ కథ వేరు. 1911లో నావికులు సమ్మె చేస్తే కంపెనీలు చైనా నావికులను దింపాయి. వాళ్లు ఆ పేటలోనే స్థిరపడ్డారు, భోజనశాలలు తెరిచారు. 1930ల మాంద్యంలో ఓడల్లో పని పోయింది. అప్పుడు పల్లీలూ చక్కెరా కలిపి బిళ్లలు చేసి, రేకు డబ్బాలో సర్ది, ఆ డబ్బాను మెడకు తగిలించుకుని వీధుల్లో నిలబడి అమ్మారు. మన పల్లీ చిక్కీ లాంటిదే ఆ బిళ్ల. కడుపు నింపుకోవడానికి చేసిన ఆ పని డచ్చివారికి ఒక కొత్త రుచిని అలవాటు చేసింది.

1940 మే 14న జర్మన్ విమానాల బాంబుదాడి పావుగంటే సాగింది. మంటలు మాత్రం నగరం నడిబొడ్డునంతా కాల్చేశాయి. దాదాపు 80,000 మందికి నిలువ నీడ లేకుండా పోయింది. కాలిన ఊరిని మునుపటిలాగే మళ్లీ కట్టుకోకుండా, శిథిలాలు ఎత్తేసి కొత్త నగరం గీసుకున్నారు. కార్లు తిరగని అంగడి వీధి లైన్‌బాన్ 1953లో తయారైంది. పాతవాటిలో లారెన్స్ చర్చిని బాగుచేసి నిలబెట్టారు. మంట ఎంతవరకు పాకిందో చూపే గుండ్రటి దీపాలు ఇవాళ్టికీ కాలిబాటల్లో పొదిగి ఉన్నాయి. వాటి వెంట నడిస్తే ఒక పక్క ఇటుక ఇళ్లు, మరో పక్క గాజు, కాంక్రీటు.

డెల్ఫ్స్‌హావెన్ ఆ మంట నుంచి తప్పించుకుంది. ఇది డెల్ఫ్ట్ పట్టణం 1389లో తవ్వించుకున్న రేవు. డచ్ ఈస్టిండియా కంపెనీ డెల్ఫ్ట్ శాఖ ఓడలు ఇక్కడే కట్టేవారు. 17వ శతాబ్ది తొలి ఏళ్లలోనే మచిలీపట్నంలో వర్తకస్థావరం పెట్టి మన నేతబట్టలు ఎగుమతి చేసుకున్నది ఆ కంపెనీయే.

ఈ పేటలోనే 2003లో ఒక షవర్మా దుకాణంలో కప్‌సాలోన్ పుట్టింది. ఆ మాటకు క్షౌరశాల అని అర్థం. పక్కనున్న క్షురకుడు, కేప్ వెర్డే మూలాలున్నవాడు, తనకిష్టమైనవన్నీ ఒకే పళ్లెంలో వేయించుకునేవాడు. అల్యూమినియం గిన్నె అడుగున వేయించిన బంగాళాదుంప ముక్కలు, పైన షవర్మా మాంసం, ఆపైన గౌడా చీజ్. చీజ్ కరిగేదాకా కాల్చి, పచ్చి కూరాకు చల్లి, వెల్లుల్లి సాస్, ఇండోనేషియా వారి సంబల్ కారం వేస్తారు. డచ్ చీజ్ మీద వలస దేశపు కారం! ఈ ఊరి చరిత్ర అంతా ఆ గిన్నెలో ఉంది.

ఓడరేవు సముద్రం వైపు జరిగేకొద్దీ పాత గట్లు ఖాళీ అయ్యాయి. వలసదారులను అమెరికాకు చేర్చిన ఓడల కంపెనీ కార్యాలయం 1993లో హోటల్ న్యూయార్క్ అయింది. ఎరాస్మస్ వంతెన 1996లో రెండు గట్లనూ కలిపింది. 2014లో గుర్రపునాడా ఆకారపు మార్క్ట్‌హాల్ తెరిచారు. కమానులోనే 228 ఇళ్లు, కింద అంగళ్లు. చూడముచ్చటైన కట్టడమే. అయినా ఊరివాళ్ల సంచులు నిండేది దాని బయట మంగళ, శనివారాల్లో జరిగే బిన్నెన్‌రోట్టె సంతలోనే.

దక్షిణపు గట్టున ఆఫ్రికాండర్‌వైక్ అనే పేట ఉంది. 1972లో అక్కడ టర్కీ కార్మికుల బసల మీద దాడులు జరిగాయి. ఇప్పుడు అదే పేట చౌకులో బుధ, శనివారాల్లో సంత సాగుతుంది. రోటర్‌డామ్ వెళ్తే ఒక పూట ఆ సంతలో తినండి.