అవయవచ్ఛేదమా? అవయవరక్షణమా?

పాము కఱచిన వ్రేలిని ఖండించియైనను దేహమును నిలుపుకొనవలయునను మాట మన పెద్దలెఱిగినదే. కాలుసేతులలోని కండలయందును, క్రొవ్వునందును బుట్టు సార్కోమాయను రాచపుండు విషయమున నీ ధర్మమే చిరకాలము రాజ్యము చేసెను.

ఈ గడ్డ తఱచుగా నొప్పి లేకయే పెరుగును. పైకి తిత్తిలో నిమిడియున్నట్లు కనబడును. కాని యా తిత్తి నిజమైన హద్దు గాదు. వ్యాధికణములు దానిని దాటి చుట్టునున్న కండలలోనికి బ్రాకియుండును. గడ్డను మాత్రమే యొలిచి తీసినచో నది యచ్చోటనే మరల మొలచుట పెక్కుమాఱులు చూచి, శస్త్రవైద్యులు కాలినో చేతినో తొలగించుటయే క్షేమమని నిశ్చయించుకొనిరి.

1895లో రాంట్‌జెన్ పండితుడు జర్మనీదేశమున ఎక్సుకిరణములను గనుగొనెను. 1898లో క్యూరీ దంపతులు రేడియమును ప్రకటించిరి. కిరణములు కాన్సరు చికిత్సలోనికి శీఘ్రముగనే వచ్చినను, సార్కోమా వానికి లొంగదను నభిప్రాయము వైద్యులలో నాటుకొనెను. లండనులో సర్ స్టాన్‌ఫర్డు కేడు 1951లో ప్రకటించిన వ్యాసము ఈ నమ్మకమును గదలించెను. పిమ్మట అమెరికాలో హెర్మను సూటు మొదలగువారు వేఱొక త్రోవ త్రొక్కిరి. కంటికి గనబడు గడ్డను శస్త్రము తీయవలయును. కనబడని శేషమును కిరణము నశింపజేయవలయును. ఒక్కటొక్కటిగా జాలని రెండు సాధనములు కలిసి పనిచేయునని వారి యాలోచన.

ఆలోచన యెంత యందమైనదైనను పరీక్షకు నిలువవలయును గదా! అమెరికా జాతీయ కాన్సరు సంస్థలో 1975 మొదలు 1981 వఱకు 43 మంది రోగులను, చీట్లు వేసిన చందమున, రెండు తెగలుగా విభజించిరి. 16 మందికి అవయవచ్ఛేదము. 27 మందికి అవయవమును నిలిపి శస్త్రము, కిరణచికిత్స. ఇరుతెగలకును ఔషధచికిత్స సమానమే. 1982లో ఫలితములు వెలువడెను. అవయవమును నిలుపుకొన్నవారిలో నలుగురికి గడ్డ యచ్చోటనే తిరిగి వచ్చెను. మొదటి తెగలో నెవ్వరికిని రాలేదు. అయినను ఐదేండ్ల జీవనము మొదటి తెగలో నూటికి 88, రెండవ తెగలో 83; ఇంత చిన్న సంఖ్యలలో నీ భేదము గణనకు నిలువదు. కాలు పోగొట్టుకొన్నవారు దానికి బదులుగా నాయువును బొందిన జాడ కనబడలేదు.

అట్లయిన కిరణము ఆయువును బెంచునా? ఆ సంస్థవారే 1998లో దీనికి బదులు చెప్పిరి. తీవ్రవ్యాధి గల 91 మందికి అవయవమును నిలిపి శస్త్రము చేసి, సగముమందికి మాత్రమే కిరణచికిత్స చేసిరి. కిరణము పొందనివారిలో నించుమించు నైదింట నొకవంతుమందికి గడ్డ మరల వచ్చెను. పొందినవారిలో నెవ్వరికిని రాలేదు. కాని జీవనమున రెండు తెగలకును భేదము లేదు. కారణము దుర్‌గ్రాహ్యము గాదు: ప్రాణము తీయునది కాలిలోని గడ్డ గాదు, చికిత్సకు ముందే నెత్తుటివెంట నూపిరితిత్తులకు బోయి చేరిన కణములు.

కిరణమునకు వెలయు గలదు. 2002లో ప్రకటితమైన కెనడావారి పరిశోధనలో, శస్త్రమునకు ముందు కిరణచికిత్స పొందినవారిలో నూటికి 35 మందికి గాయము సరిగా మానలేదు. తరువాత బొందినవారిలో 17 మందికే. కాని తరువాత నిచ్చుటకు మోతాదు హెచ్చు. కండ గట్టిపడి కీలు బిగియుట యందు ఎక్కువ.

కావున కిరణచికిత్స యిచ్చు వరము ఏండ్లు గాదు, అవయవము. అది యల్పమా? మగ్గపు గుంటలో కాలాడించు నేతగానికి, బిడ్డనెత్తుకొను తల్లికి అది బ్రతుకులో సగము. నేటికిని కొందఱికి అవయవచ్ఛేదము తప్పదు. కాని యది యాచారముగా గాక, యవసరముగా మాత్రమే జరుగుచున్నది.

సదుద్దేశముతో బుట్టిన యాచారము సైతము పరీక్షకు లోబడవలయునని యీ చరిత్ర చెప్పుచున్నది. మన యిండ్లకును నిందు పాఠము గలదు. నొప్పి లేదుగదాయని తొడమీది గడ్డను సిగ్గుచే దాచుట, వాతలు పెట్టించుట, పసరులు కట్టుట మానవలయును. పెరుగుచున్న గడ్డను, లోతుననున్న గడ్డను వెంటనే వైద్యునకు జూపవలయును. కోయుటకు ముందే సూదితో ముక్క తీసి పరీక్షింపుడని యడుగవలయును. శాస్త్రము నిలుపగల యవయవమును మన యాలస్యము పోగొట్టరాదు.