భాగం – 7: దొంగతనాల హెచ్చరిక వ్యవస్థ – బయటి సైరన్ పరిణామం, లోపాల పరిశీలన

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• ఇంటి అలారంలో తెరిచిన వలయానికి, మూసిన వలయానికి ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• బయటి సైరన్ నేటి రూపానికి ఎలా వచ్చిందో చెప్పగలుగుతారు.
• సైరన్‌లో సాధారణంగా వచ్చే మూడు లోపాలను వాటి చారిత్రక మూలాలతో ముడిపెట్టి, పరిశీలించే క్రమాన్ని రాయగలుగుతారు.

7.1 ఉపోద్ఘాతం

రాత్రి గస్తీ తిరిగే మనిషి "పారాహుషార్" అని కేక వేసేది దొంగను బెదరగొట్టడానికి మాత్రమే కాదు. తాను మెలకువగా ఉన్నానని ఊరికి తెలియజేయడానికి కూడా. ఆ కేక వేళకు వినిపిస్తున్నంత కాలం జనం నిశ్చింతగా నిద్రపోతారు. అది ఆగిపోతే అనుమానం మొదలవుతుంది.

ఇంటి గోడ మీద ఉండే సైరన్ పద్ధతి ఇందుకు పూర్తిగా భిన్నం. అది ఏళ్ళ తరబడి మౌనంగా ఉంటుంది. ఆ మౌనానికి రెండు అర్థాలు ఉండవచ్చు. ఇల్లు క్షేమంగా ఉందనేది ఒకటి, సైరనే పాడైపోయిందనేది రెండోది. ఇంట్లోవారికి ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఈ తేడాను బయటపెట్టడానికి చేసిన ప్రయత్నాలే బయటి సైరన్ చరిత్ర అని చెప్పవచ్చు. నేడు మనం 'లోపం' అనుకొనే వాటిలో కొన్ని ఆ ప్రయత్నాల ఫలితాలే.

7.2 తొలి విద్యుత్ గంట

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, సోమర్‌విల్‌కు చెందిన అగస్టస్ రసెల్ పోప్ 1853 జూన్ 21న విద్యుదయస్కాంత అలారానికి పేటెంట్ పొందాడు. తలుపు లేదా కిటికీ తెరిస్తే వలయం పూర్తవుతుంది. విద్యుత్తు ప్రవహించి, విద్యుదయస్కాంతం సుత్తిని కదిలించి గంట మోగిస్తుంది. 1857లో ఎడ్విన్ హోమ్స్ ఈ హక్కులను కొని, 1859లో వ్యాపారాన్ని న్యూయార్క్‌కు తరలించాడు.

మామూలు సమయంలో విద్యుత్తు ప్రవహించని ఈ ఏర్పాటును తెరిచిన వలయం అంటారు. ఇందులో బ్యాటరీ ఖర్చు తక్కువ. 1866లో జార్జ్ లెక్లాన్షే రూపొందించిన ఘటం ఇలాంటి గంటలకు బాగా సరిపోయింది. అది కొద్దిసేపు పనిచేసి, విశ్రాంతిలో మళ్ళీ కోలుకొంటుంది. ఎడతెగకుండా వాడితే నీరసిస్తుంది.

అయితే తెరిచిన వలయంలో పెద్ద బలహీనత ఉంది. తీగను ముందే కోసేస్తే గంట ఇక మోగదు. బ్యాటరీ అయిపోయినా, తీగ తుప్పుపట్టి తెగినా అంతే. దొంగ చేసిన పనికీ, కాలం చేసిన పనికీ ఫలితం ఒక్కటే: నిశ్శబ్దం.

7.3 మూసిన వలయం

దీనికి పరిష్కారం ఆలోచనను తిరగవేయడమే. మామూలు సమయంలో విద్యుత్తు ఎప్పుడూ ప్రవహిస్తూ ఉండాలి, అది ఆగితే గంట మోగాలి. ఇదే మూసిన వలయం. ఈ సూత్రం రైల్వేలలో ప్రసిద్ధం. 1872లో విలియం రాబిన్సన్ పేటెంట్ పొందిన పట్టాల వలయంలో తీగ తెగినా, బ్యాటరీ విఫలమైనా సిగ్నల్ ప్రమాదాన్నే చూపుతుంది. అంటే వ్యవస్థ చెడిపోతే క్షేమం వైపుకే చెడిపోవాలి.

గస్తీవాడి కేకలో ఉన్నదీ ఇదే సూత్రం. ప్రవాహం కొనసాగడమే "మెలకువగా ఉన్నాను" అని చెప్పడం.

7.4 గంట నుంచి సైరన్‌కు

'సైరన్' అనే పేరు 1819 నాటిది. ఫ్రాన్స్‌కు చెందిన కాన్యార్ ద లా తూర్ రంధ్రాలున్న పళ్ళేన్ని తిప్పుతూ గాలిని పంపి శబ్దం పుట్టించాడు. అది స్వరాల పౌనఃపున్యాన్ని కొలిచే ప్రయోగ పరికరం. నీటిలో కూడా మోగేది కాబట్టి, గ్రీకు పురాణాలలోని సముద్రగాయనుల పేరు పెట్టాడు. తరవాత అదే సూత్రం కర్మాగారాలకు, యుద్ధకాలపు హెచ్చరికలకు చేరింది. నేటి ఇంటి సైరన్‌లలో చాలావాటికి తిరిగే పళ్ళెం లేదు. 1880లో క్యూరీ సోదరులు గుర్తించిన పీజో విద్యుత్ ధర్మం ఆధారంగా పలుచని పలక కంపించి శబ్దం ఇస్తుంది.

బయటి సైరన్‌లో ముఖ్యమైన మార్పు దాని పెట్టెలోనే బ్యాటరీని అమర్చడం. లోపలి కంట్రోల్ ప్యానెల్ నుంచి ఒక వోల్టేజి ఎప్పుడూ వస్తూ, సైరన్‌ను మోగకుండా ఆపి ఉంచుతుంది. తీగ కోస్తే ఆ వోల్టేజి పోతుంది. అప్పుడు సైరన్ తన సొంత బ్యాటరీతో మోగుతుంది. మూత తెరిచినా, పెట్టెను గోడ నుంచి పీకినా పసిగట్టడానికి ట్యాంపర్ స్విచ్ అనే చిన్న మీట ఉంటుంది.

7.5 మూడు లోపాలు – పరిశీలన క్రమం

పరిశీలనకు ముందు ప్యానెల్‌ను సర్వీసు స్థితిలో పెట్టాలి. ఇరుగుపొరుగుకు చెప్పాలి. ఈ సైరన్‌ల శబ్దం దగ్గరలో 100 డెసిబెల్స్ దాటవచ్చు కాబట్టి చెవులకు రక్షణ పెట్టుకోవాలి. నిచ్చెన మీద ఉండగా సైరన్ హఠాత్తుగా మోగితే ఉలిక్కిపడి పడిపోయే ప్రమాదం ఉంది. కింద ఒకరు నిచ్చెన పట్టుకోవాలి.

(అ) కరెంటు పోగానే దానంతట అదే మోగడం: చాలామంది సైరన్‌ను మారుస్తారు. కొత్తదీ అలాగే మోగుతుంది. నిజానికి సైరన్ తన పని తాను చేస్తోంది. కరెంటు పోయినప్పుడు ఆపి ఉంచే వోల్టేజిని ప్యానెల్‌లోని బ్యాటరీ ఇవ్వాలి. అది పాతబడితే వోల్టేజి పడిపోతుంది, తీగ ఎవరో కోశారని సైరన్ భావిస్తుంది. ప్యానెల్‌కు కరెంటు ఆపి చూడండి. ప్యానెల్ వెంటనే ఆరిపోతే ముందు దాని బ్యాటరీనే అనుమానించాలి.

(ఆ) అసలు మోగకపోవడం, లేదా నీరసంగా మోగడం: ప్యానెల్ అలారం ఇస్తుండగా సైరన్ కొసల దగ్గర వోల్టేజి కొలవాలి. అక్కడికి వోల్టేజి సరిగా వస్తే లోపం సైరన్‌లో ఉంది. రాకపోతే ప్యానెల్ ఫ్యూజు, తీగలు చూడాలి. సైరన్‌ను విడదీసినప్పుడు సరిగా ఉండి, కలపగానే వోల్టేజి పడిపోతే తుప్పుపట్టిన అతుకు, మరీ సన్నని తీగ లేదా నీరసించిన బ్యాటరీ కారణం కావచ్చు. బ్యాటరీని ఖాళీగా కొలిచి 12 వోల్టులు ఉందని తృప్తిపడకూడదు. భారం మీద కొలవాలి.

తరవాత ఆపి ఉంచే తీగను విడదీయాలి. సైరన్ సొంతంగా మోగాలి. మోగకపోతే లోపలి బ్యాటరీ చచ్చినట్లే. చాలా ప్యానెళ్ళు ఈ బ్యాటరీ స్థితిని చూపలేవు. పోప్ కాలపు నిశ్శబ్దం నేటికీ మిగిలి ఉన్న చోటు ఇదే. అందుకే ఈ పరీక్షను ఏడాదికి ఒకసారైనా చేయాలి.

(ఇ) వాన పడినా, గాలి వీచినా మోగడం: ట్యాంపర్ స్విచ్‌ను చూడాలి. మూత సరిగా కూర్చోకపోవడం, మరలు వదులవడం, చీమలు గూడు పెట్టడం, తీగ వెంట నీరు లోపలికి దిగడం సాధారణ కారణాలు. తీగను పెట్టెలోకి పోయే ముందు కిందికి వంచి తెస్తే నీటిబొట్టు అక్కడే జారిపోతుంది. స్విచ్‌ను తీగముక్కతో శాశ్వతంగా కలిపేసి శబ్దం ఆపడం మరమ్మతు కాదు.

7.6 పొరుగువారి నమ్మకం

మూసిన వలయం ఒక సమస్యను తీర్చి మరొక సమస్యను తెచ్చింది. ప్రతి చిన్న లోపమూ ఇప్పుడు శబ్దంగా మారింది. ఇంటివారు ఊరెళ్ళినప్పుడు సైరన్ రాత్రంతా మోగితే మొదటిసారి పొరుగువారు పరుగెత్తి వస్తారు. మూడోసారి కిటికీలు మూసుకొంటారు. సైరన్ దొంగను పట్టుకోదు. వినేవారిని పిలవడమే దాని పని. వినేవారు నమ్మడం మానేస్తే, ఎంత బాగా మోగినా అది తెగిన తీగతో సమానమే.

చట్టాలు ఇక్కడే ప్రవేశించాయి. బ్రిటన్‌లో 1982 నాటి నియమావళి సైరన్ 20 నిమిషాలలో దానంతట అదే ఆగాలని సూచించింది. 2005 చట్టం నిర్ణీత ప్రాంతాలలో తాళంచెవి ఉన్నవారి వివరాలను స్థానిక సంస్థకు ఇచ్చే ఏర్పాటు చేసింది. మనదేశంలో 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితిని నిర్ణయించాయి. మోగే వ్యవధికి హద్దు పెట్టుకోవడం, తాళంచెవి ఒకరి దగ్గర ఉంచడం ఎక్కడైనా పాటించదగిన పద్ధతులే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి
1. తెరిచిన వలయంలో తీగ తెగితే ఏమవుతుంది?
2. కరెంటు పోగానే సైరన్ మోగితే ముందుగా దేన్ని పరీక్షించాలి?

7.7 సారాంశం

తొలి విద్యుత్ అలారంలో తీగ తెగితే గంట మూగబోయేది. మూసిన వలయం, సైరన్ లోపలి బ్యాటరీ, ట్యాంపర్ స్విచ్ ఆ లోపాన్ని శబ్దంగా మార్చాయి. దాంతో అనవసరపు మోతలు పెరిగి, పొరుగువారి నమ్మకం ప్రశ్నార్థకమైంది. అందువల్ల మరమ్మతు చేసేవారు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న "దీన్ని ఎలా ఆపాలి?" అన్నది కాదు. "ఇది ఏమి చెప్పాలనుకొంటోంది?" అన్నది.

మీ ప్రగతి సమీక్ష – సమాధానాలు
1. గంట మోగదు, లోపం బయటపడదు.
2. కంట్రోల్ ప్యానెల్‌లోని బ్యాటరీని.

నమూనా పరీక్షా ప్రశ్నలు
1. మూసిన వలయ సూత్రం ప్రాధాన్యాన్ని రైల్వే ఉదాహరణతో వివరించండి.
2. బయటి సైరన్ లోపాలను పరిశీలించే క్రమాన్ని, దాని చారిత్రక నేపథ్యాన్ని చర్చించండి.