తణుకు లైబ్రరీ సమ్మర్ క్యాంపుకి డబ్బులెవరు కడుతున్నారు?

ఈ ఎపిసోడ్ ఒక చిన్న ప్రశ్నతో మొదలెడదాం. ఎండాకాలం సెలవులిచ్చాక మన తణుకు లాంటి ఊళ్ళలో శాఖా గ్రంథాలయాలు పిల్లల కోసం వేసవి విజ్ఞాన శిబిరాలు పెడతాయి. ఎండ ముదరకముందే, ఉదయంపూట. కథ చదివిస్తారు, చదివిన కథని సొంత మాటల్లో మళ్ళీ చెప్పిస్తారు, బొమ్మలు వేయిస్తారు, క్విజ్ పెడతారు. ఓ పక్క చదరంగం, క్యారమ్స్ నడుస్తుంటాయి. కొత్త పుస్తకాలొస్తే బల్ల మీద పరుస్తారు. పిల్లల దగ్గర ఫీజంటూ ఏమీ తీసుకోరు. మరి వీటన్నిటికీ డబ్బులెవరు కడుతున్నారు?

"ఇంకెవరు, గవర్నమెంటు" అంటారు. అది సగమే కరెక్టు. మిగతా సగం మీ ఇంట్లో, బీరువాలో ఉంది. దాని దగ్గరికి చివర్లో వద్దాం. ముందు మనం 1897కి వెళ్ళాలి. ఎక్కడికో కాదు, మన జిల్లాలోకే.

భీమవరం పక్కన కుముదవల్లి అని ఒక ఊరుంది. 1897లో భూపతిరాజు తిరుపతిరాజు గారు అక్కడ ఒక గ్రంథాలయం పెట్టారు. పేరు శ్రీ వీరేశలింగ కవి సమాజ గ్రంథాలయం. ఈ పేరు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. అప్పటికి కందుకూరి వీరేశలింగం గారు బతికే ఉన్నారు. 1881లో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించి, ఆ దెబ్బకి సగం సమాజంతో తిట్లు తింటున్న మనిషి ఆయన. ఒక పల్లెటూళ్ళో లైబ్రరీ పెట్టి దానికి ఆయన పేరు పెట్టడమంటే, మేం ఎవరి పక్షమో బోర్డు మీదే రాసేసుకున్నాం అని చెప్పడం. పుస్తకాల గది పెట్టడం ఆ రోజుల్లో అంత అమాయకమైన పనేం కాదండి.

చదవగలిగినవాళ్ళు ఎంతమంది ఉన్నారప్పుడు? 1911 జనాభా లెక్కల ప్రకారం దేశం మొత్తం మీద నూటికి ఆరుగురు. ఇప్పుడు మనం యాప్ తయారుచేసేటప్పుడు యూజర్లెవరు అని అడుగుతాం కదా, ఆ లెక్కన లైబ్రరీ అనే ప్రాడక్టుకి అసలు మార్కెట్టే లేదు. అయినా పెట్టారు. ఎందుకంటే చదువొచ్చిన ఒక్కడు పత్రిక పైకి చదివితే చుట్టూ కూర్చుని పదిమంది వినేవాళ్ళు. చదవడం అంటే ఒక్కడే మూల కూర్చుని చేసే పని అని మనం ఇప్పుడు అనుకుంటున్నాం గానీ, అప్పుడు అది గుంపుగా చేసే పని. వేసవి శిబిరంలో ఓ పిల్ల నిలబడి కథ చదువుతుంటే మిగతావాళ్ళు నోరు తెరుచుకుని వింటారే, అది సరిగ్గా అదే పద్ధతి.

ఇప్పుడు తణుకుకి ఇంకా దగ్గరికి వద్దాం. పక్కనే పెరవలి మండలంలో ఖండవల్లి. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు 1867లో పుట్టిన ఊరు. ఆయన్ని మనకి స్కూల్లో "గయోపాఖ్యానం" నాటకం, "గణపతి" నవల రాసిన రచయితగా చెప్పారు. చెప్పని సంగతి ఒకటుంది. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో ఆంధ్రదేశంలోని గ్రంథాలయాలు నడిపేవాళ్ళందరూ మొదటిసారి ఒకచోట కలిశారు. ఆ సభలోనే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. దేశంలో గ్రంథాలయాల కోసం ఏర్పడ్డ మొదటి సంఘం అదేనంటారు. ఆ సభకి అధ్యక్షుడు మన ఖండవల్లి చిలకమర్తి గారు. అప్పటికి ఆయనకి చూపు లేదు. చిన్నప్పటి నుంచీ కళ్ళ జబ్బు, తర్వాత పూర్తిగా పోయింది. తను చెప్తుంటే ఇంకొకరు రాసుకునేవారు, ఇంకొకరు చదివితే తను వినేవారు. పుస్తకం పట్టుకుని తనంతట తను ఒక్క పేజీ చదవలేని మనిషిని తెచ్చి గ్రంథాలయ సభకి అధ్యక్షుడిగా కూర్చోబెట్టారు. నన్నడిగితే అంతకంటే సరైన మనిషి దొరకడు. పుస్తకం అందకపోవడమంటే ఏంటో ఆ గదిలో అందరికంటే ఎక్కువ తెలిసింది ఆయనకే.

ఆ సభ వెనక పరుగులు పెట్టిన మనిషి అయ్యంకి వెంకటరమణయ్య. తూర్పుగోదావరి కొంకుదురు. అప్పటికి పాతికేళ్ళకి అటూ ఇటూ వయసు, అంటే ఇది చూస్తున్న మీలో చాలామంది వయసు. బెజవాడలో 1911లో మొదలైన రామమోహన ధర్మ పుస్తక భాండాగారం ఆయనకి అడ్డా. తర్వాత "గ్రంథాలయ సర్వస్వం" అని లైబ్రరీల కోసమే ఒక పత్రిక నడిపారు. బతికినంతకాలం ఇదే పని. 1972లో పద్మశ్రీ ఇచ్చారు. గ్రంథాలయ పితామహుడు అంటారు కదా, ఆయనే.

కొంచెం పక్కకి వెళ్తాను, ఈ ముక్క చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మనం డెల్టా వాళ్ళం, కాలవల మీద బతికినవాళ్ళం. కాటన్ ఆనకట్ట 1852కి పూర్తయ్యాక చాలాకాలం పడవే మన బస్సు. పక్కనున్న కృష్ణా డెల్టాలో కూడా అదే కథ. అక్కడ పాతూరి నాగభూషణం గారు 1935లో ఏకంగా పడవలోనే లైబ్రరీ పెట్టేశారు. గుంటూరు జిల్లా పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలవ మీద పుస్తకాల పడవ. పడవెక్కినవాళ్ళూ, గట్టున ఊళ్ళవాళ్ళూ పుస్తకాలు తీసుకునేవాళ్ళు. దానికి నాలుగేళ్ళ ముందు, 1931లో, తమిళనాడులో మన్నార్‌గుడి చుట్టుపక్కల ఎడ్లబండి మీద లైబ్రరీ తిప్పారు. అదే ఏడాది మద్రాసులో ఎస్. ఆర్. రంగనాథన్ గారు గ్రంథాలయానికి ఐదు సూత్రాలు రాశారు. ఆయన లెక్కల మాస్టారు, తర్వాత లైబ్రేరియన్ అయ్యారు. ఐదింటిలో ఒకటి, ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడు ఉంటాడు, వాణ్ణి వెతికిపెట్టు అని. ఇప్పుడు మన ఫోన్లో ఆల్గరిదమ్ చేస్తున్న పనే అది. తేడా ఏంటంటే, ఆల్గరిదమ్‌కి కావాల్సింది మీ టైమ్. రంగనాథన్ గారి ఇంకో సూత్రం, పాఠకుడి టైమ్ మిగుల్చు అని.

సరే, అసలు లెక్కకి వద్దాం. కుముదవల్లి అయినా, బెజవాడ అయినా, పుస్తకాల పడవ అయినా అంతా చందాల మీద, దాతల మీద, ఎవరో ఒకరి ఓపిక మీద నడిచింది. ఆ మనిషి పోతే? దాతకి కోపం వస్తే? నెల చందా కట్టలేని కూలివాడి కొడుకు లోపలికి ఎలా వస్తాడు? ఈ బాధ మనకే కాదు. అమెరికాలో కార్నెగీ అనే ఉక్కు కోటీశ్వరుడు ప్రపంచమంతా రెండున్నర వేల దాకా లైబ్రరీ బిల్డింగులు కట్టించాడు. ఊరికే కట్టించలేదు, ఒక షరతు పెట్టాడు. నేను బిల్డింగుకి ఎంతిస్తే అందులో పదో వంతు ప్రతి ఏటా మీ ఊరి పన్నుల్లోంచి మీరు పెట్టాలి, లేదంటే ఇవ్వను అన్నాడు. దానం ఒకసారే వస్తుంది, పన్ను ఏటా వస్తుంది. ఆ సంగతి ఆయనకి తెలుసు.

మన దగ్గర కార్నెగీ లేడు, చట్టం వచ్చింది. 1948లో మద్రాసు పబ్లిక్ లైబ్రరీస్ చట్టం. అప్పుడు గోదావరి జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి కాబట్టి తణుకుకీ అదే వర్తించింది. నైజాం వైపు 1955లో వేరే చట్టం. రెండిటినీ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల చట్టం చేశారు. సంఘానికి చాలాకాలం అధ్యక్షుడిగా పనిచేసిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు ఆ ఏడాదే ఫిబ్రవరిలో పోయారు. ఈ చట్టంతోనే జిల్లాకో గ్రంథాలయ సంస్థ నిలబడింది. మనది ఏలూరులో. దానికి డబ్బు ఎక్కడి నుంచి అంటే, ఇంటి పన్ను మీద సెస్సు. ఇప్పుడది రూపాయికి ఎనిమిది పైసలు.

ఇప్పుడు బీరువా తియ్యండి. మీ ఇంటి పన్ను ఏడాదికి 2,000 అనుకుందాం. దాని మీద గ్రంథాలయ సెస్సు 160 రూపాయలు. ఓటీటీ ఒక నెల చందా అంత. ఊళ్ళో అలాంటి ఇళ్ళు పదివేలున్నాయి అనుకుంటే పదహారు లక్షలు. ఇది లెక్క అర్థం కావడానికి చెప్తున్నాను, తణుకు అసలు లెక్క కాదు. అద్దెకున్నవాళ్ళు కూడా మాకేంటి అనకండి, ఓనరు అది ఎక్కడ రాబట్టుకుంటాడో మీకు తెలుసు. కాబట్టి ఆ క్యారమ్ బోర్డు, ఆ కథల పుస్తకం, ఆ ఫ్యాను గాలి, ఇవేవీ ఫ్రీ కాదు. ముందే కట్టేశారు.

చిక్కు ఎక్కడంటే, ఈ సెస్సు నేరుగా లైబ్రరీకి వెళ్ళదు. మునిసిపాలిటీ, పంచాయతీ వసూలు చేసి, జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చెయ్యాలి. చాలాచోట్ల స్థానిక సంస్థలు వసూలు చేసేసుకుని, జమ చెయ్యకుండా ఏళ్ళ తరబడి బకాయి పెడుతున్నాయి. రాష్ట్రమంతా ఉన్న పాత గొడవే ఇది, పేపర్లలో మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంటుంది. మీరు కట్టారు, వాళ్ళు తీసుకున్నారు, పుస్తకం రాలేదు. చందాల రోజుల్లో ఇలా జరిగితే సాయంత్రానికి ఊరంతా వచ్చి నిలదీసేవాళ్ళు. ఎందుకంటే ఎంతిచ్చాడో ప్రతి ఒక్కడికీ గుర్తుండేది. సెస్సు మనం ఇస్తున్నట్టే మనకి తెలీదు. చట్టం రావడం మంచిదే అంటాను నేను, చందా కట్టలేనివాణ్ణి లోపలికి తెచ్చింది అదే. కానీ అడిగే అలవాటు మాత్రం ఆ దారిలో ఎక్కడో జారిపోయింది.

కొత్త పుస్తకాల సంగతీ అంతే. శాఖా గ్రంథాలయానికి వచ్చే పుస్తకాల్లో ఎక్కువ భాగం పైన ఎంపికై వస్తాయి. కొన్ని జిల్లా సంస్థ కొంటుంది. కొన్ని కలకత్తాలో 1972లో పెట్టిన రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ నుంచి వస్తాయి, రాష్ట్రం వాటా పెడితే వాళ్ళు జత వాటా కలుపుతారు. ఎంపిక చేసేవాళ్ళకి తణుకులో ఏడో క్లాసు పిల్ల ఏం చదవాలనుకుంటోందో ఎలా తెలుస్తుంది? ఎవరో చెప్తేనే తెలుస్తుంది. ఇప్పుడు చెప్పేవాళ్ళెవరంటే, గ్రూప్స్‌కీ, డీఎస్సీకీ, కానిస్టేబుల్ పరీక్షలకీ ప్రిపేరయ్యే మన అన్నయ్యలు, అక్కలు. రోజూ వస్తారు, లైబ్రేరియన్ గారిని అడుగుతారు, అందుకే ఆ పుస్తకాలు వస్తాయి. వాళ్ళని తప్పుపట్టను, అడగడమెలాగో వాళ్ళకి తెలుసు. పిల్లలకి తెలీదు. వాళ్ళ తరఫున అడిగేవాళ్ళూ లేరు.

ఒక్క ఉదాహరణ చెప్తాను. దేవరకొండ బాలగంగాధర తిలక్ గారు మన పక్కనే మండపాకలో 1921లో పుట్టారు, 1966లో పోయారు. "అమృతం కురిసిన రాత్రి" పుస్తకంగా వచ్చింది ఆయన పోయాక, 1968లో. 1971లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఒకప్పుడు అదీ కొత్త పుస్తకమే. తణుకు పిల్లలకి తణుకు కవి పుస్తకం శిబిరంలో చేతికిచ్చి ఒక పేజీ చదివిస్తే దానికి బడ్జెట్ కూడా అక్కర్లేదు. పాత కాపీ చాలు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి: మామూలుగా మన గ్రంథాలయాలకి సెలవు శుక్రవారం, ఆదివారం కాదు. ఉద్యోగాలవాళ్ళకీ స్కూలు పిల్లలకీ వీలుండేది ఆదివారమే కదా. ఇంటికి పుస్తకం తెచ్చుకోవాలంటే కొద్దిపాటి డిపాజిట్ కట్టి సభ్యత్వం తీసుకోవాలి. శిబిరం అయిపోయాక జూన్‌లో స్కూళ్ళు తెరిస్తే పిల్లలు మళ్ళీ అటు రారు, కాబట్టి ఆ సభ్యత్వమేదో శిబిరం నడుస్తుండగానే చేయించండి. మీకు కావలసిన పుస్తకం పేరు, రచయిత, పబ్లిషర్ రాసి లైబ్రేరియన్ గారికి ఇవ్వండి. నోటితో చెప్తే మర్చిపోతారు, కాగితం అయితే జిల్లా సంస్థకి పంపడానికి ఉంటుంది.

ఇంకొకటి. ఈసారి ఇంటి పన్ను కట్టినప్పుడు మొత్తం మాత్రమే చూడకండి. డిమాండ్ నోటీసులో కిందకి వెళ్తే గ్రంథాలయ సెస్సు విడిగా కనిపిస్తుంది. ఆ అంకె ఎంతో, మీది ఏ ఊరో నాకు రాసి పంపండి. అది జమ అయిందా లేదా అని సమాచార హక్కు చట్టం కింద మునిసిపాలిటీని ఎలా అడగాలో, పది రూపాయల ఫీజుతో, వచ్చే ఎపిసోడ్‌లో దరఖాస్తు రాసి చూపిస్తాను.